వంటగది గడప దాటని చట్టం

దేశ రాజధానిలో ఆహారం గురించి మాట్లాడని రోజంటూ ఉండదు. గోధుమల సేకరణ ధర, బియ్యం ఎగుమతి, ఎరువుల సబ్సిడీ, రేషను కార్డుల సంఖ్య - వీటిలో ఏదో ఒకదానిపై పార్లమెంటు ఉభయ సభలలోనో, మంత్రిత్వ శాఖల వరండాలలోనో వాదోపవాదాలు సాగుతూనే ఉంటాయి. పొలం నుంచి గిడ్డంగికీ, గిడ్డంగి నుంచి దుకాణానికీ చేరేవరకు ధాన్యం వెంట రాజకీయం నీడలా నడుస్తుంది. ఆ ధాన్యం ఉడికి అన్నమైన మరుక్షణం ఆ నీడ మాయమవుతుంది. వండిన అన్నానికి నియోజకవర్గం లేదు. హోటలు వంటగదిలో మూతపెట్టి ఉంచిన సాంబారు గుండిగ గురించీ, ఫ్రిజ్‌లో నిన్నటి నుంచి నిలిచి ఉన్న కూర గురించీ సభలో లేచి ప్రశ్నించేవారు అరుదు.

చట్టం లేక కాదు. 2006లో పార్లమెంటు ఆహార భద్రతా ప్రమాణాల చట్టాన్ని ఆమోదించింది. 2008లో దాని అమలుకు కేంద్ర ప్రాధికార సంస్థ ఏర్పడి, ఢిల్లీలోని కోట్లా రోడ్డులో ప్రధాన కార్యాలయం తెరిచింది. 2011 ఆగస్టు 5 నుంచి చట్టం దేశమంతటా అమలులోకి వచ్చింది. లైసెన్సుల నిబంధనలకు అనుబంధంగా ఉన్న నాలుగవ షెడ్యూలు చదివితే, హోటలు వంటగది ఎలా ఉండాలో గోడలు, నీరు, మురుగుకాలువ, వంటవాని చేతిగోళ్ళతో సహా వర్ణించినట్లు కనిపిస్తుంది. కోట్లా రోడ్డులో రాసిన ఆ పుట రైలులో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేస్తేగాని చేరలేని రిసాలి వంటి పారిశ్రామిక బస్తీలో ఏ మేరకు ప్రాణం పోసుకున్నదన్నదే ప్రశ్న.

ఉక్కు నగరంలో తెలుగు రుచి

రిసాలి పేరు తెలుగు పాఠకులలో చాలామందికి కొత్త కావచ్చు. భిలాయి పేరు కొత్త కాదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన భిలాయి ఉక్కు కర్మాగారం మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. దల్లీ రాజహరా నుంచి ఇనుప ఖనిజం వచ్చినట్లే, దేశం నలుమూలల నుంచి మనుషులు వచ్చారు. 1930 దశకం ఆరంభానికే పూర్తయి ఉన్న విజయనగరం - రాయపూర్ రైలు మార్గం ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఆ దారి సుగమం చేసింది. రెండు మూడు తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగువారు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ ఆ నగర జీవితంలో భాగమైపోయారు. ఇడ్లీ, దోశ, వడ, సాంబారు నేడు అక్కడ పరాయి వంటలు కావు.

ఆ ఉక్కు నగరంలో రిసాలి ఒక భాగం. టౌన్‌షిప్ సెక్టారు ఒకవైపు, దాని చుట్టూ పెరిగిన బస్తీలు మరొకవైపు. భిలాయి నగరపాలక సంస్థ నుంచి వేరుపడి స్వంత కార్పొరేషన్‌గా ఏర్పడిన రిసాలికి 2021 డిసెంబరులో తొలి ఎన్నికలు జరిగాయి. ఇప్పుడు దానికి మేయరున్నారు, కౌన్సిలర్లున్నారు. టౌన్‌షిప్ భూములు, భవనాలు కర్మాగారం నగర సేవల విభాగం చూసుకుంటుంది. హోటళ్ళ ఆహార భద్రత మాత్రం ఈ రెంటిదీ కాదు. అది రాష్ట్ర ప్రభుత్వ ఆహార, ఔషధ నియంత్రణ యంత్రాంగానిది. చెత్త ఒకరిది, గోడ ఒకరిది, గుండిగ ఇంకొకరిది. పౌరుడు ఎవరి తలుపు తట్టాలో తెలుసుకునేలోగా కడుపునొప్పి తగ్గనైనా తగ్గుతుంది, ఆసుపత్రికైనా చేరుస్తుంది.

కల్తీ వేరు, నిల్వ వేరు

మన ప్రజాజీవితానికి కల్తీ బాగా పరిచయమైన శత్రువు. పాలలో నీళ్ళు, కారంలో ఇటుకపొడి, ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె - వీటి గురించి సినిమాలలో సంభాషణలున్నాయి, ఎన్నికల సభలలో చప్పట్లున్నాయి. 1998 ఆగస్టులో ఢిల్లీలోనే కల్తీ ఆవనూనె వల్ల జలోదరం వంటి వ్యాధి ప్రబలి అరవై మందికి పైగా మరణించినప్పుడు రాజధాని అట్టుడికింది. రాజ్యాంగం ఉమ్మడి జాబితాలోని 18వ అంశం కూడా ఆహార పదార్థాల కల్తీ గురించే మాట్లాడుతుంది. అర్ధ శతాబ్దానికి పైగా మనకు రక్షణగా ఉన్న 1954 నాటి శాసనం పేరు కల్తీ నిరోధక చట్టం. అపరిశుభ్ర పరిస్థితులలో ఉంచిన ఆహారాన్ని సైతం ఆ చట్టం కల్తీగానే నిర్వచించింది. కాని ఆచరణలో ఇన్‌స్పెక్టరు చేతిలోని నమూనా సీసాయే ఆ చట్టానికి గుర్తుగా మిగిలింది.

కల్తీకి దోషి ఉంటాడు, లాభాపేక్ష ఉంటుంది, కుట్ర ఉంటుంది. నిల్వలోని లోపానికి అటువంటి దోషి దొరకడు. మంచి బియ్యం, మంచి పప్పు, తాజా మాంసం తెచ్చి నిజాయితీగా వండిన యజమాని సైతం, వండినదాన్ని ఎక్కడ, ఎంతసేపు, ఏ వేడిమి వద్ద ఉంచాలో తెలియకపోతే విందు పెట్టిన చేతితోనే విషం పెట్టగలడు. ఇందులో కుట్ర లేదు గనుక వార్త కాదు. వార్త కాదు గనుక రాజకీయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించిన అంచనా ప్రకారం కలుషితాహారం వల్ల ఏటా 60 కోట్ల మంది జబ్బు పడుతున్నారు. 4 లక్షల 20 వేల మంది మరణిస్తున్నారు. వారిలో 1 లక్ష 25 వేల మంది అయిదేళ్ళ లోపు పిల్లలు. ఈ మరణాలన్నిటి వెనుకా కల్తీ వ్యాపారి ఉన్నాడనుకోవడం ఆత్మవంచన.

ఒక హోటలు దినచర్య

రిసాలి బజారులో ఒక మధ్యతరహా తెలుగు హోటలును ఊహించుకుందాం. వేసవి కాలం, ఆ ప్రాంతంలో మే నెల ఎండ 44, 45 డిగ్రీల సెంటిగ్రేడును తాకడం వింత కాదు. తెల్లవారుజామున పొయ్యి వెలుగుతుంది. రాత్రి రుబ్బి ఉంచిన ఇడ్లీ పిండి పులిసి పొంగి ఉంది. ఆ పులుపే దానికి కొంత రక్ష; ఆమ్లగుణం గల పదార్థంలో చాలా హానికర సూక్ష్మజీవులు వృద్ధి చెందలేవు. చింతపండు పులుసు, ఆవకాయ, మజ్జిగలో ఊరిన చద్దన్నం - ఇవన్నీ ఈ సత్యాన్ని మన పెద్దలు శాస్త్రం పేరు తెలియకుండానే పాటించిన తీరు. పక్కనే ఉన్న కొబ్బరి చట్నీకి ఆ రక్ష లేదు. ఆరు గంటలకు రుబ్బిన చట్నీ పది గంటల దాకా బల్లమీదే ఉంటే, అడుగంటిన దానిపై కొత్తది కలిపితే, పాతదాని దోషం కొత్తదానికి సంక్రమిస్తుంది.

పదకొండు గంటలకు అన్నం వార్చారు. మధ్యాహ్నం భోజనాలు ముగిసే సరికి కొంత మిగిలింది. సాయంత్రం ఫ్రైడ్ రైసుకు పనికివస్తుందని గంపలో పోసి, గుడ్డ కప్పి ఉంచారు. బియ్యంలో సహజంగానే ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా, ఉడికించినా చావని గట్టి పెంకు వంటి రూపంలో దాగి ఉంటుంది. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉన్నప్పుడు అది మొలకెత్తి, వృద్ధి చెంది, వాంతులు కలిగించే విషాన్ని విడుస్తుంది. సాయంత్రం ఎంత మంటమీద వేయించినా ఆ విషం నశించదు. 'మళ్ళీ వేడి చేశాం కదా' అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. వంటవాని చేతి పుండు నుంచి, ముక్కు నుంచి ఆహారంలోకి చేరే స్టెఫిలోకాకస్ విషం కూడా ఇటువంటిదే.

ఇందులోని గణితం సులభం. అనుకూలమైన వేడిమిలో కొన్ని సూక్ష్మజీవులు సుమారు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఒక్కటి ఏడు గంటలలో 21 సార్లు రెట్టింపైతే 20 లక్షలు దాటుతుంది. 5 డిగ్రీలకు దిగువన ఈ లెక్క చాలావరకు మందగిస్తుంది. 60 డిగ్రీలకు ఎగువన ఆగిపోతుంది. ఈ రెంటి నడుమ ఉన్నదంతా ప్రమాద మండలం. చల్లనిది చల్లగా, వేడిది వేడిగా ఉంచాలనీ, వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట వదలరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఈ కారణంగానే. 44 డిగ్రీల ఎండలో రిసాలి వంటగది మొత్తం ఆ ప్రమాద మండలమే.

ఇక సాంబారు. నలభై లీటర్ల గుండిగ దింపి ఒక మూల ఉంచితే, పైన చల్లారినట్లు కనిపించినా నడుమ గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. మాంసం కూర విషయంలో ఈ జాగు మరింత ప్రమాదకరం. గాలి సోకని ఆ అడుగు భాగంలోనే క్లాస్ట్రీడియం జాతి బాక్టీరియా విజృంభిస్తుంది. అమెరికా ఆహార నియమావళి వండినదాన్ని రెండు గంటలలో 57 నుంచి 21 డిగ్రీలకు, మొత్తం ఆరు గంటలలోగా 5 డిగ్రీలకు దించాలంటుంది. దీనికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. గుండిగలోని పదార్థాన్ని వెడల్పాటి, లోతు తక్కువ పళ్ళాలలోకి పంచి, చన్నీళ్ళ తొట్టెలో నిలిపి, గరిటెతో కలియబెడితే చాలు. పొగలు కక్కే గుండిగనే ఎత్తి ఫ్రిజ్‌లో పెడితే మాత్రం అది చల్లబడడానికి బదులు ఫ్రిజ్‌లోని మిగతా పదార్థాలన్నీ వేడెక్కుతాయి.

ఆ ఫ్రిజ్ తలుపు తెరచి చూడాలి. పై అరలో కరుగుతున్న పచ్చి కోడిమాంసం, దాని నుంచి చుక్కలు చుక్కలుగా కారే నీరు, కింది అరలో మూతలేని పెరుగు, తరిగిన ఉల్లి - ఇటువంటి అమరికను చూసి ఆశ్చర్యపోనక్కరలేదు. పచ్చి మాంసం అన్నిటికంటె అడుగున ఉండాలి. వండినవి, నేరుగా తినేవి పైన ఉండాలి. ప్రతిదానికీ మూత ఉండాలి. ఏనాడు వండారో తేదీ, వేళ రాసిన చీటీ ఉండాలి. ముందు వచ్చినది ముందు వాడాలి. గాలి ఆడే చోటు లేకుండా కుక్కిన ఫ్రిజ్ చల్లగా ఉండదు. కరెంటు పోయినప్పుడు తలుపు తీయకుండా ఉంచితే చల్లదనం సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది. అటుపైన లోపలివాటిని అనుమానించవలసిందే. అన్నిటికంటె ముఖ్యంగా ఫ్రిజ్ సూక్ష్మజీవులను చంపదు, నిద్రపుచ్చుతుంది. లిస్టీరియా వంటి కొన్నింటిని నిద్రపుచ్చనూ లేదు.

పొద్దుటి వంట పొద్దుటికే, మాపటి వంట మాపటికే అన్న పాత అలవాటుకు ఒక విజ్ఞత ఉండేది. ఫ్రిజ్ వచ్చి ఆ నియమాన్ని తొలగించింది. దాని స్థానంలో రావలసిన కొత్త నియమం రాలేదు. యంత్రం వాయిదాల పద్ధతిపై వంటగదికి చేరింది; దాన్ని వాడే శాస్త్రం కోట్లా రోడ్డులో ఆగిపోయింది.

ఆఖరున సామాను గది. బస్తాలు నేల నుంచి, గోడ నుంచి ఎడంగా ఉండాలి. ఎలుకల మందు, ఫినాయిలు, పురుగుల మందు ఆహారం ఉన్న గదిలోనే ఉండరాదు. వాటి ఖాళీ డబ్బాలు మరే వాడుకకూ పనికిరావు. ఇది చాదస్తమనుకునేవారు 2013 జూలై 16ను గుర్తుచేసుకోవాలి. బీహార్‌లోని ఛప్రా వద్ద గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసినట్లు పరీక్షలలో తేలింది. ఆ మందు వాడిన డబ్బాలో నూనె నిలవచేయడమే కారణమని అధికారులు ప్రకటించారు. ఒక్క డబ్బా 23 ఇళ్ళలో దీపాలు ఆర్పింది.

ఇవన్నీ దాటుకొని పొట్లం సంగతి మిగిలి ఉంది. ఉక్కు నగరం మూడు షిఫ్టుల నగరం. రాత్రి షిఫ్టుకు వెళ్ళే కార్మికుడు ఎనిమిది గంటలకు బిర్యానీయో, పులిహోరో పొట్లం కట్టించుకొని, అర్ధరాత్రి దాటిన తరువాత విప్పుతాడు. అప్పటికి ఆ అన్నం వండి ఎన్ని గంటలైందో అతనికి తెలియదు. అమ్మినవానికి తెలిసినా చెప్పవలసిన అగత్యం లేదు.

దాడులూ, ప్రకటనలూ

చట్టంలో కోరలు లేవనడానికి వీలులేదు. లోపాలు సరిదిద్దుకోవలసిందిగా 32వ సెక్షను కింద నోటీసు ఇవ్వవచ్చు. సరిదిద్దకుంటే లైసెన్సు రద్దు చేయవచ్చు. అపరిశుభ్రంగా వండి ఉంచినందుకు 56వ సెక్షను కింద లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. అసురక్షితమైన ఆహారం వల్ల మనిషి మరణిస్తే కనీసం 5 లక్షల రూపాయల పరిహారమని 65వ సెక్షను చెబుతుంది. ఆహార విషప్రయోగం జాడ కనిపించిన ప్రతి సందర్భంలోనూ వైద్యులు అధికారికి తెలియజేసేలా ఉత్తర్వు ఇవ్వడానికి 35వ సెక్షను అధికారమిస్తున్నది. సురక్షితమైన ఆహారం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2013లో స్పష్టం చేసింది.

కొరత చేతులది, కళ్ళది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2017లో పార్లమెంటుకు సమర్పించిన నివేదిక, రాష్ట్రాలలోని 72 ఆహార ప్రయోగశాలలలో 65కు జాతీయ గుర్తింపే లేదని వెల్లడించింది. సభలో ప్రశ్నలకు వచ్చే సమాధానాలలో ఎన్ని నమూనాలు తీశారు, ఎన్ని విఫలమైనాయి, ఎన్ని కేసులు పెట్టారు అన్న పట్టికలే ఉంటాయి. అది సీసాలో పట్టే నేరం లెక్క. ఫ్రిజ్‌లో ఏ అరలో ఏమున్నదో, గుండిగ ఎంతసేపు బయట ఉన్నదో ఏ సీసాలోనూ పట్టదు. దాన్ని వెళ్ళి చూడాలి, మళ్ళీ మళ్ళీ చూడాలి, చూసి చెప్పాలి.

చూసిన చోట ఏమి బయటపడుతుందో హైదరాబాదు తెలిపింది. 2024 వేసవి నుంచి తెలంగాణ ఆహార భద్రతా కమిషనర్ ప్రత్యేక బృందాలు పేరుమోసిన హోటళ్ళ వంటగదులలోకి ప్రవేశించి, కనుగొన్న సంగతులను ఎప్పటికప్పుడు ప్రజల ముందుంచాయి. గడువు తీరిన సరుకులు, తేదీ చీటీ లేని డబ్బాలు, పచ్చివీ వండినవీ ఒకే ఫ్రిజ్‌లో కలిసి ఉండడం వంటివి వాటిలో పదేపదే కనిపించాయి. అదే ఏడు అక్టోబరులో మోమోలు తిన్నవారిలో ఒక మహిళ మరణించి, మరెందరో అస్వస్థులైన దరిమిలా, పచ్చి గుడ్డుతో చేసే మయోనైజును రాష్ట్ర ప్రభుత్వం ఒక సంవత్సరం పాటు నిషేధించింది.

ఆ బృందాలు చేసిన పనిని తక్కువ చేయరాదు. అద్దాల తలుపుల వెనుక ఏమి జరుగుతున్నదో చూసి నగరం ఉలిక్కిపడింది. అయితే దాడి ఒకనాటి ఉరుము. పంటకు కావలసినది నెల నెలా కురిసే వాన. మహానగరంలో దాడికి కెమెరాలైనా వస్తాయి; రిసాలి వంటి చోటికి ఆ ఉరుము శబ్దమైనా చేరదు.

వేల్స్ నుంచి కేరళ దాకా

ఇతరులు నేర్చిన పాఠాలు మనకు అక్కరకు వస్తాయి. బ్రిటన్‌లోని దక్షిణ వేల్స్ ప్రాంతంలో 2005లో పాఠశాల భోజనాల ద్వారా ఈ-కోలై వ్యాధి సోకి 157 మంది జబ్బుపడ్డారు. అయిదేళ్ళ బాలుడొకడు మరణించాడు. విచారణలో తేలిన ప్రధాన కారణం: మాంసం సరఫరాదారు పచ్చి మాంసానికీ, వండిన మాంసానికీ ఒకే ప్యాకింగు యంత్రం వాడడం. ఆ వేల్స్ ప్రభుత్వమే 2013లో ప్రతి హోటలూ తన పరిశుభ్రతా శ్రేణిని వాకిట్లో ప్రదర్శించి తీరాలని చట్టం చేసింది. డెన్మార్క్‌లో 2001 నుంచి తనిఖీ ఫలితాన్ని నవ్వు మొహం బొమ్మతో తలుపుపై అంటిస్తారు. మన దేశంలోనూ అటువంటి శ్రేణుల పథకం ఉన్నది. కాని అది ఇష్టపడినవారికే. తప్పులు లేనివాడే ముందుకు వచ్చి పరీక్ష రాసే పథకంతో ప్రజలకు ఒరిగేది స్వల్పం.

అంత దూరం పోనక్కరలేదు. కేరళలో 2022 మే నెలలో షవర్మా తిన్న ఒక విద్యార్థిని కాసరగోడు జిల్లాలో మరణించింది. మరుసటి సంవత్సరం ఆరంభంలో ఆ రాష్ట్రం హోటలు పొట్లాలపై ఏ వేళకు తయారైనదీ, ఎంతలోగా తినవలసినదీ తెలిపే చీటీ తప్పనిసరి చేసింది. ఒక చిన్న కాగితం ముక్క. దాని ఖర్చు పైసలలో ఉంటుంది. రిసాలి రాత్రి షిఫ్టు కార్మికునికి ఇంతకు మించి ఉపకరించే సంస్కరణ మరొకటి ఉండబోదు.

వంటవాడిని మరచిన సంస్కరణ

ఈ చర్చలో ఎవరూ తలవని మనిషి ఒకడున్నాడు. పన్నెండు, పద్నాలుగు గంటలు మంట ముందు నిలబడే వంటవాడు, పాత్రలు కడిగే కుర్రవాడు. నాలుగవ షెడ్యూలు వారికి ఏటా వైద్య పరీక్ష, టైఫాయిడ్ వంటి వ్యాధులకు టీకా ఉండాలంటుంది. జబ్బు చేస్తే వంటగదికి రాకూడదంటుంది. రానినాటి కూలి ఎవరిస్తారో చెప్పదు. విరేచనాలతో బాధపడుతూ కూడా కూలి పోతుందని పనికి వచ్చినవాడిని దోషిగా నిలబెట్టి, సెలవు ఇవ్వని వ్యవస్థను వదిలివేయడం న్యాయం కాదు. వంటగది పరిశుభ్రత కార్మిక సమస్య కూడాననే సంగతి కార్మికోద్యమం బలంగా ఉన్న ఉక్కు నగరంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 250 మందికి మించిన కార్మికులున్న కర్మాగారాలలో క్యాంటీను తప్పనిసరి చేసినప్పుడు, దాని నిర్వహణలో కార్మికుల ప్రతినిధులకు స్థానం కల్పించే నియమాలకు దారి చూపింది. తినేవానికి వంటగదిపై అజమాయిషీ ఉండాలన్న ఆ సూత్రం విలువైనది. అది కర్మాగారం గేటు వద్దనే ఆగిపోయింది. గేటు దాటి బజారులోకి వచ్చిన అదే కార్మికుడు, అదే కుటుంబం హోటలులో వట్టి గిరాకీగా మిగులుతున్నారు.

భద్రత అనేది దినచర్య అని భిలాయి మూల్యం చెల్లించి నేర్చుకున్నది. 2014 జూన్‌లో విషవాయువు లీకై ఆరుగురు, 2018 అక్టోబరులో గ్యాసు పైపులైను ప్రమాదంలో పది మందికి పైగా ఆ కర్మాగారంలో బలైనారు. కొలిమికి పీడనం చూపే మీటరు ఎందుకో అక్కడి ప్రతి కుటుంబానికీ తెలుసు. ఫ్రిజ్‌లో కొన్ని వందల రూపాయల థర్మామీటరు ఎందుకో ఆ ప్రజలకు బోధపరచడం కష్టం కాబోదు.

అడగవలసిన ప్రశ్నలు

చేయవలసినవి ఆకాశం నుంచి దిగిరానక్కరలేదు. ప్రతి హోటలు ఫ్రిజ్‌లో ఉష్ణమాపకం, రోజుకు రెండుసార్లు దాని అంకె రాసే పుస్తకం, వండిన ప్రతి పాత్రకూ తేదీ, వేళ, పొట్లానికి చీటీ, వంటవారికి వారి భాషలో, పని గంటలలో, కూలి కోత లేకుండా శిక్షణ, జబ్బు చేసిననాడు జీతంతో సెలవు, తనిఖీ ఫలితం తలుపుపై. తొలి తప్పుకు సీలు వేసే అధికారికన్నా, ఫ్రిజ్ అరలు సర్ది చూపించి, పదిహేను రోజులకు మళ్ళీ వచ్చి చూసే అధికారి ప్రజలకు ఎక్కువ మేలు చేస్తాడు. చిన్న హోటలు యజమాని కూడా బతకాలి, బతుకుతూ నేర్చుకోవాలి. రిసాలి కార్పొరేషన్, కర్మాగార నగర సేవల విభాగం, రాష్ట్ర ఆహార యంత్రాంగం ఒకే బల్ల వద్ద కూర్చుంటే ఫిర్యాదుకు ఒకే తలుపు ఏర్పడుతుంది. దీనికి కొత్త చట్టం అవసరం లేదు.

పౌరుని చేతిలోనూ కొన్ని ఆయుధాలున్నాయి. 2022 జనవరి నుంచి హోటలు బిల్లుపై 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉండాలి. అది చూడడం అలవాటు చేసుకోవాలి. 40వ సెక్షను ప్రకారం, కొనేవేళ అమ్మకందారుకు ముందుగా తెలియజేసి, రుసుము చెల్లించి, తాను కొన్న ఆహారాన్ని ప్రభుత్వ విశ్లేషకునిచే పరీక్ష చేయించుకునే హక్కు సామాన్య కొనుగోలుదారునికి కూడా ఉంది. లోపం రుజువైతే ఆ రుసుము తిరిగి ఇస్తారు. ఈ హక్కు సంగతి తెలిసినవారు కొద్దిమంది. వాడుకున్నవారు ఇంకా కొద్దిమంది.

మన పార్లమెంటు సభ్యులు వచ్చే సమావేశాలలో నమూనాల పట్టిక అడగడం మాని, మరో ప్రశ్న అడగాలి: దేశంలో ఒక్కొక్క ఆహార భద్రతా అధికారి చేతికింద ఎన్ని వంటగదులున్నాయి, వాటిలో ఎన్నింటిని ఆయన ఏడాదికి రెండుమార్లు కళ్ళారా చూశాడు? ఆ అంకె సభ ముందుకు వచ్చిననాడు, రాయపూర్ నుంచి శ్రీకాకుళం దాకా ప్రతి బస్తీలోని అన్నం గంపకూ ఢిల్లీలో ఒక నియోజకవర్గం ఏర్పడుతుంది.